జనాభా పాఠంలో మూడో బిడ్డ

ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో మా వీధి నిండా పంతుళ్లే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు సెలవు రోజున మా ఇంటికి వచ్చి కూర్చుంటారు. టీ తాగుతూ, సోషల్లో చెప్పడానికి అన్నిటికన్నా కష్టమైన పాఠం ఏది మేడం అని అడుగుతారు. ప్రపంచ యుద్ధాలనో, అక్షాంశాలు రేఖాంశాలనో అంటానని వాళ్ల ఊహ. జనాభా పాఠం అంటాను. నవ్వుతారు. పుస్తకంలో నాలుగు పేజీలు నిండని పాఠం, పరీక్షలో ఒక ప్రశ్న వస్తే గొప్ప. నవ్వడం అయిపోయాక ఈ సంగతి చెబుతాను. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు కాబట్టి ఈసారి రాసి పెడుతున్నాను.

నేను ఇల్లందులో పుట్టాను. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మేం ఆరుగురం, నేను ఆఖరిదాన్ని. ఆదివారం చర్చికి వెళ్తే ఒక బెంచీ మాకే సరిపోయేది, పాస్టరు గారు మమ్మల్ని చూసి ఇంక ఆరాధన మొదలుపెట్టొచ్చు అనేవారు. అందుకే జనాభా పాఠం చెప్పడానికి నిలబడినప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది. ఆ పుస్తకం మాట వినివుంటే మా అమ్మ నన్ను కనేదే కాదు. ఆ ఎరుక ఉండబట్టి, పిల్లలు ఎక్కువున్న ఇంటిని వెక్కిరించే బొమ్మలు నేనెప్పుడూ బోర్డు మీద వేయలేదు. చిన్న కుటుంబం మంచిదేనని చెప్పేదాన్ని, పెద్ద కుటుంబం పాపమని మాత్రం చెప్పలేదు.

రెండు వేల దశకం మధ్యలో నన్ను భద్రాచలం దాటి అడవి అంచున ఉన్న గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలకు వేశారు. బడీ హాస్టలూ ఒక్కచోటే. పిల్లలు అక్కడే తిని, అక్కడే పడుకుని, అక్కడే చదువుకునేవారు. బదిలీ ఆర్డరు చూసి మా ఆయన మొహం వేలాడేశాడు. నేను బడి పక్కనే ఒక గది కిరాయికి తీసుకుని, నెలకో శనివారం సాయంత్రం బస్సుకు ఖమ్మం వచ్చి పోతుండేదాన్ని. పిల్లలంతా కోయవాళ్లు. నా ముందు తెలుగు మాట్లాడేవారు, నా మీద నవ్వుకోవాలనుకున్నప్పుడు కోయభాషలోకి దిగేవారు. వాళ్లు దేనికి నవ్వుతున్నారో అర్థమయ్యేంత భాష నేను మూడు నెలల్లో నేర్చుకున్నాను. అది తెలిశాక మరీ ఎక్కువ నవ్వారు.

మా ప్రధానోపాధ్యాయురాలిది జూలూరుపాడు వైపు. మనసు వెన్న, గుండె మాత్రం పిట్టంత. గాలికి కిటికీ రెక్క కొట్టుకున్నా ఇన్‌స్పెక్షన్ వచ్చిందని లేచి నిలబడేది. ఏ కాగితం వచ్చినా మూడుసార్లు చదివి, నాలుగోసారి నా చేత చదివించుకునేది. జూలైలో జనాభా దినోత్సవం ముందు అలాంటి కాగితమే ఒకటి వచ్చింది. కుటుంబ పరిమాణం గురించి ప్రభుత్వ విధానాలేమిటో పిల్లలకు వివరంగా చెప్పాలి, వీలైన చోట ప్రత్యక్షంగా చూపించాలి అని అందులో ఉంది. ఆవిడ దాన్ని నా చేతిలో పెట్టి ఊపిరి పీల్చుకుంది.

తొమ్మిదో తరగతికి వెళ్లాను. ముందు మీ ఇంట్లో పిల్లలెంతమందో చెప్పండన్నాను. మొదటి బెంచీ పిల్ల తొమ్మిది మందిమి అంది. పక్క పిల్ల పదకొండు అంది. దాని వెనకాలది వేళ్లు చాలక పక్కదాని వేళ్లు అరువు తీసుకుంది. నాకు కళ్లు తిరిగాయి. తీరా గుచ్చి గుచ్చి అడిగితే చిన్నమ్మ పిల్లలూ పెద్దమ్మ పిల్లలూ అందరూ అందులో ఉన్నారు. వాళ్లను వదిలేసి సొంతవాళ్లను చెప్పమంటే క్లాసు మొత్తానికి కోపం వచ్చింది. చిన్నమ్మ పిల్లలు తమ్ముళ్లు కాకపోతే మరి ఏమవుతారని ఒక పిల్ల నిలదీసింది. మీరెంతమంది మేడం అని ఇంకో పిల్ల అడిగింది. ఆరుగురం, నేను ఆరోదాన్ని అన్నాను. ఆ రోజంతా నన్ను చూసి నవ్వారు.

ఆపరేషన్లు, ప్రోత్సాహకాలు, దవాఖానా గోడ మీది ఎర్ర త్రికోణం, ఇవన్నీ చెబుతుంటే ఆవులించారు. ఇద్దరి కంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడే అర్హత ఉండదు అన్నాను చూడండి, నిద్రపోతున్నవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. అప్పుడే పంచాయతీ ఎన్నికలు రాబోతున్నాయి. చుట్టుపక్కల రెండు మూడు పంచాయతీల్లో సర్పంచి పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఊళ్లన్నీ అదే మాట. చట్టం వచ్చేనాటికే ముగ్గురుంటే ఏమవుతుంది, రెండోసారి కవలలు పుడితే ఎట్లా, ఒకరు చనిపోతే లెక్క తగ్గుతుందా అని మీద పడ్డారు. తెలిసినవి చెప్పాను, తెలియనివి మండల ఆఫీసులో కనుక్కుంటానన్నాను. ఈ రూలు ఎమ్మెల్యేలకు కూడా ఉందా అని ఒక పిల్ల అడిగింది. లేదన్నాను. ఎందుకు లేదంది. రూళ్లు రాసేది వాళ్లే కదా అన్నాను. క్లాసు గొల్లుమంది. అప్పుడే వరండాలో పోతున్న మా హెచ్చెమ్ ఆ మాట విని పాలిపోయింది.

ఆ గొడవంతటిలో నోరు విప్పని పిల్ల ఒకతె. చివరి బెంచీలో కూర్చునేది. నా సబ్జెక్టులో దానికే ఎక్కువ మార్కులు వచ్చేవి, కానీ లేపి అడిగితే తప్ప పలికేది కాదు. బెల్లు కొట్టాక నా వెనకాలే స్టాఫు రూము దాకా వచ్చి, గడప దగ్గర ఆగింది.

"మేడం, పెంచుకున్న బిడ్డ లెక్కకొస్తదా?"

కనుక్కుని చెప్తానన్నాను. మర్నాడు మండల ఆఫీసులో పెద్ద గుమస్తాను అడిగితే, కన్నవాళ్లకే లెక్క, పెంచినవాళ్లకు కాదు అని చెప్పాడు. సాయంత్రం చెట్లకు నీళ్లు పోస్తున్న పిల్లను పిలిచి ఆ మాట చెప్పాను. బకెట్ కింద పెట్టి, దాని పక్కనే కూలబడింది. మట్టి గీరుతూ చెప్పింది.

"నేను మా అమ్మ కన్న బిడ్డను గాదు మేడం. గా సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని మా అమ్మకు తెల్వదు."

వాళ్ల పెద్దమ్మ దీన్ని కని పురిట్లోనే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని గోదావరి అవతలికి వెళ్లిపోయాడు. అప్పుడే కాపురానికి వచ్చిన చెల్లెలు పసిగుడ్డును ఒళ్లో వేసుకుంది. తర్వాత ఆమెకు ఇద్దరు మగపిల్లలు పుట్టారు. పిల్లకు ఈ సంగతి ఎవరూ చెప్పకూడదని ఆమె మాట తీసుకుంటే, గూడెం మొత్తం ఇచ్చిన మాట మీద నిలబడింది. తునికాకు ఏరేటప్పుడు జరిగిన ఒక దెబ్బలాటలో, తన ఈడు పిల్ల ఒకతె మాత్రం నోరు జారింది. ఇది ఇంటికి వెళ్లి ఏమీ అనలేదు. అప్పటినుంచి అనకుండానే ఉంది. మీరు కూడా మా అమ్మకు చెప్పొద్దు మేడం అని నా చేత ఒట్టు వేయించుకుంది.

నాకు గుట్టు దాచడం చేతకాదు. ఆరుగురున్న ఇంట్లో ఏ మాటా పొద్దుగుంకేదాకా నిలవదు, నేను పెరిగింది అలాంటి ఇంట్లో. అయినా ఒట్టు ఒట్టే కదా.

ఆ తల్లిని నాకు బాగా తెలుసు. ఆదివారాల్లో బిడ్డను చూడటానికి మొక్కజొన్న పొత్తులు పట్టుకుని వచ్చేది, నాకు వేరుగా రెండు పక్కన పెట్టేది. గూడెంలో ఆడవాళ్ల పొదుపు సంఘానికి ఆమే పెద్ద. చెడిపోయిన బోరింగు బాగు చేసేదాకా మండల ఆఫీసు మెట్ల మీదే కూర్చున్న మనిషి. సంఘం ఆడవాళ్లంతా కలిసి ఆమెను సర్పంచికి నిలబెట్టారు. నామినేషన్ వేశాక వచ్చిన ఆదివారం, బిడ్డను అన్నానికి పంపి నా గది ముందు అరుగు మీద కూర్చుంది. మొహంలో ఎప్పటి వెలుగు లేదు.

మంగళవారం నామినేషన్లు పరిశీలిస్తారట. ఎదుటి అభ్యర్థి భర్త, ఈమెకు ముగ్గురు పిల్లలున్నారని అభ్యంతరం పెట్టబోతున్నాడు. అతనిదీ అదే గూడెం. అసలు సంగతి అతనికి తెలుసు. ఈమె దాన్ని బయటపెట్టదని కూడా తెలుసు. ఆ ధైర్యంతోనే పెడుతున్నాడు. సంఘం ఆడవాళ్లు, అక్క బిడ్డ అని ఒక్క మాట చెప్పేయమని పోరుతున్నారట. మండల ఆఫీసులో చెప్పిన మాట సాయంత్రానికి హాస్టలు చేరుతుంది, అదీ ఈమె భయం.

"నా బిడ్డ గాదని నా నోటితోటి అనను టీచరమ్మా. పోతే సర్పంచి పోతది. పిల్ల మనసు విరిగితే ఎట్ల అతుకుత?"

ఆ రోజు పిల్లను బడి దాటనియ్యొద్దని, ఆ మాటలేవీ చెవిన పడకుండా చూడమని నా చేతులు పట్టుకుంది. తల్లికి తెలియకూడదని బిడ్డ, బిడ్డకు తెలియకూడదని తల్లి, మధ్యలో నేను. పిల్లను చూస్తానని మాత్రం అన్నాను. అది ఏం చేస్తే చూసినట్టో అప్పటికి నాకే తెలియదు.

అభ్యంతరం సంగతి హాస్టలుకు అప్పటికే వచ్చేసింది. సోమవారం పొద్దున్నే పిల్ల నా గది ముందు నిలబడి ఉంది. రేపు నన్ను మండల ఆఫీసుకు తీసుకుపోతారా మేడం అంది. ఎందుకని అడిగాను. అమ్మ ఏం చెబుతుందో చూస్తానంది. అమ్మ నా బిడ్డ కాదంటే వెనక్కి వచ్చేస్తుందట, ఆ మాట విననట్టే ఉంటుందట. మరి నా బిడ్డే అంటే ఏం చేస్తావని అడిగాను. బెల్లు అయింది మేడం అంటూ వెళ్లిపోయింది. తల్లేమో పిల్లను రానివ్వొద్దంది. కానీ పెద్దవాళ్లందరూ కలిసి తన గురించే మాట్లాడుకుంటుంటే, ఆ పిల్లను తలుపు వేసి కూర్చోబెట్టడం నాకు న్యాయమనిపించలేదు.

హెచ్చెమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ లేచి నిలబడింది. ప్రభుత్వ ఉద్యోగులం, ఎన్నికల ఛాయలకు పోకూడదు, హాస్టలు పిల్లను ఒంటరిగా బయటికి తీసుకుపోతే రేపు ఎవరైనా అడిగితే ఏం చెబుతాం అని గది అంతా తిరిగింది. ఆమె చెప్పినవన్నీ నిజాలే. నేను లేచి వచ్చేస్తుంటే వెనక్కి పిలిచింది. జనాభా దినోత్సవం కాగితం తీసి ఐదోసారి చదివింది.

"ప్రభుత్వ విధానాలు పిల్లలకు ప్రత్యక్షంగా చూపించాల్నని ఉన్నది గద. ఒక్క పిల్లను తీస్కపోతే తప్పైతది. తొమ్మిదో తరగతి మొత్తాన్ని తీస్కపో. క్షేత్ర పర్యటన అని రాస్త."

రాసి సంతకం పెట్టి, రెండు గ్లాసుల నీళ్లు తాగింది. మర్నాడు ముసురు పట్టి ఉంటే తన గొడుగు కూడా నాకే ఇచ్చింది. ఆవిడను పిరికిదని వెనకాల నవ్వుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు తర్వాత నవ్వలేదు.

తలల మీద ప్లాస్టిక్ కవర్లు వేసుకుని, నవ్వుకుంటూ, బురద తొక్కుకుంటూ ఆడపిల్లల వరుస మండల ఆఫీసుకు చేరింది. ఇదేం ఊరేగింపు మేడం అని పెద్ద గుమస్తా అడిగాడు. జనాభా పాఠం అన్నాను. లోపలికి రాకుండా వరండాలో నిలబడి చూడమన్నాడు. పిల్లలు కిటికీ ఊచలకు మొహాలు ఆనించి నిలబడ్డారు. మా పిల్ల అందరి వెనకాల, నా పక్కన నిలబడింది. అయినా తల్లి కన్ను ముందు దాని మీదే పడింది, తర్వాత నా మీద. నమ్మి చెప్పుకుంటే నువ్వు చేసింది ఇదా అన్నట్టు చూసింది. ఆ చూపుకు నాకు తల దించుకోవాలనిపించింది.

పరిశీలన అధికారి మధిర వైపు మనిషి, వేరే శాఖలో పనిచేస్తూ ఈ డ్యూటీ మెడకు చుట్టుకుని వచ్చినవాడు. మెత్తగా మాట్లాడేవాడు. ఈమె వంతు వచ్చాక, ఎదుటి అభ్యర్థి భర్త లేచి తన అభ్యంతరం చెప్పాడు. పోటీ చేసే ఆమె పక్కన కూర్చుని నేల చూస్తోంది, మాటలన్నీ మొగుడివే. ఈమెకు ఇద్దరు మగపిల్లలు, వాళ్లపైన ఒక ఆడపిల్ల, ఆశ్రమ పాఠశాలలో చదువుతోంది, అమ్మా అని పిలుస్తుంది అన్నాడు. అధికారి ఈమె వైపు తిరిగాడు.

"ఏమంటారమ్మా? ఆ ఆడపిల్ల మీ బిడ్డేనా?"

సంఘం ఆడవాళ్లలో ఒకామె నోరు తెరవబోతే ఈమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా బిడ్డే సారు."

నామినేషన్ కొట్టేయడం అధికారికి ఇష్టం లేదు, చూస్తే తెలుస్తూనే ఉంది. తొందరేం లేదు, ఇంకోసారి ఆలోచించుకుని చెప్పమన్నాడు.

"ఆలోచించుడేముంది సారు. అది నా బిడ్డే."

ఆయన కలం అందుకున్నాడు. నా పక్కన చోటు ఖాళీ అయింది. తిరిగి చూసేసరికి పిల్ల గడప దాటి లోపల ఉంది. తడి కాళ్లతో వెళ్లి బల్ల ముందు నిలబడింది. తల్లి వైపు చూడలేదు. చూస్తే మాట రాదని దానికి తెలుసు.

"సారు, ఆ బిడ్డను నేనే. మా అమ్మ నన్ను కనలే. మా పెద్దమ్మ కని సచ్చిపోయింది. కన్నోళ్లకే లెక్క, పెంచినోళ్లకు గాదు అని మా మేడం కనుక్కొని చెప్పింది."

హాలులో ఉన్నవాళ్లంతా నా వైపు తిరిగారు. హెచ్చెమ్ గొడుగు విప్పి దాని వెనక దాక్కుందామా అనిపించింది. అధికారి కలం కింద పెట్టాడు. ఆయన మొహంలో అప్పుడు కనిపించినంత నిశ్చింత నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. నిజమేనా అమ్మా అని తల్లిని అడిగాడు. ఆమె కళ్లు పిల్ల మీదే ఉన్నాయి. తల మాత్రం ఊపింది.

ఇలాంటివి ఎన్నైనా చెప్పొచ్చని ఎదుటి అభ్యర్థి మొగుడు గొణిగాడు. అప్పటిదాకా నేల చూస్తూ కూర్చున్న అతని భార్య తలెత్తింది. ఆ రోజు ఆమె మాట్లాడింది ఆ ఒక్కసారే.

"ఆ పురుడు పోసింది మా అత్తనే సారు. ఈ పిల్ల చెప్పింది నిజమే."

మొగుడు గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. సంఘం ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి అదే మాట చెప్పి వేలిముద్రలు వేశారు. వాళ్లతోపాటు గూడెం పెద్ద కూడా వేలిముద్ర వేశాడు. నామినేషన్ నిలిచింది. గెలిచిందా అని మీరు అడుగుతారు, అందరూ అడుగుతారు. గెలిచింది, కొద్ది ఓట్లతోనే. మంచి సర్పంచి అనిపించుకుంది, బోరింగు మళ్లీ చెడిపోతే మళ్లీ అవే మెట్ల మీద కూర్చుంది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

హాలులోంచి బయటికి వచ్చాక తల్లి వరండా చివర నిలబడిపోయింది. సంఘం ఆడవాళ్లు ఏదో సంబరంగా చెబుతున్నారు, ఆమె వినడం లేదు. నేను దగ్గరికి వెళ్లి ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపింది, కోపంతో కాదు. పిల్లను పిలిచింది. కొడుతుందేమోనని ఒక్క క్షణం భయపడ్డాను.

"ఎప్పటిసంది తెలుసే నీకు?"

"మూడో తరగతిల ఉన్నప్పటిసంది."

ఆమె అన్నేళ్లుగా తను కూడబెట్టుకున్నదంతా ఒక్కసారి చేజారినట్టు నిలబడింది.

"మరి నాకెందుకు చెప్పలే బిడ్డా?"

పిల్ల గోడకు ఆనుకుని, తడిసిన పరికిణీ కొస పిండింది.

"నువ్వు నాకు తెల్వకుంట దాస్తుంటివి గద. నువ్వట్ల దాస్తుంటే నాకు మంచిగుండేది అమ్మా."

తల్లి కొంగు తీసి పిల్ల తల తుడవడం మొదలుపెట్టింది. ఇంత వానలో తడుస్తూ వస్తారా, ఆ బడిలో తువ్వాల ఇచ్చే దిక్కు లేదా అని తిడుతూ తుడిచింది. ఆరిపోయిన తల అలా తుడుస్తూనే ఉంది. పిల్ల కదలకుండా నిలబడింది.